మంగళవారం, చిచ్చా వంతు

మంగళవారం ఉదయం పది గంటల నలభై నిమిషాలకు మా బాపు వరండాలో కుర్చీ వేసి, "టైమెంతైందిరా?" అని లోపలికి కేకేశాడు. నేను చెప్పాను. "ఇంకా రాలే సూడు ముసలోడు. పెండ్లికి పోయినట్టు తయారైతాండు" అని నవ్వాడు.

ఆ తర్వాత ఆయన గంటన్నర కూడా బతకలేదు. అందుకే ఆ టైము గుర్తుంది. లేకపోతే గుర్తుండేది కాదు. ఆ కుర్చీ, ఆ మాట మా ఇంట్లో ప్రతి మంగళవారం ఉండేవే.

జరిగింది చెప్పే ముందు నా సంగతి కొంచెం చెప్పాలి. నేను హన్మకొండలో ఒక కాలేజీ లైబ్రరీలో ముప్పై ఏళ్లు పని చేశాను. ఆత్మలు, పునర్జన్మల పుస్తకాలు ఏ బీరువాలో ఉండేవో తెలుసు, వాటిని ఎవరు తీసుకుపోయేవారో కూడా తెలుసు. నేను మాత్రం ఒక్కటి కూడా ఇంటికి తెచ్చుకోలేదు. బాపు పోయాక ఆయన చుట్టుపక్కలే ఉన్నాడని నాకు ఒక్క రోజూ అనిపించలేదు. అనిపిస్తే బాగుండునని మాత్రం చాలాసార్లు అనుకున్నాను.

మాది క్షౌరవృత్తి కుటుంబం. బాపుకు సుబేదారిలో రెండు కుర్చీల షాపు ఉండేది. మాకు రెండు వీధుల అవతల మొయినుద్దీన్ చిచ్చా షాపు. ఇద్దరూ చిన్నతనంలో పరకాలలో ఒకే ఉస్తాదు దగ్గర పని నేర్చుకున్నారు. ఒకే ఊళ్లో ఇంత దగ్గర్లో షాపులు పెట్టుకుని కూడా యాభై ఏళ్లు స్నేహితులుగా ఉన్నారంటే, గిరాకీ విషయంలో వాళ్లెంత మర్యాదగా ఉండేవారో అర్థం చేసుకోవచ్చు.

మంగళవారం షాపులు బంద్. ఆ రోజు చిచ్చా మా ఇంటికి వచ్చేవాడు. బాపు గడ్డం ఆయన గీసేవాడు, ఆయన గడ్డం బాపు గీసేవాడు. ఊరందరికీ గడ్డాలు గీసిన మా బాపు తన గడ్డం తాను ఎన్నడూ గీసుకోలేదు. చేతకాక కాదు. తన ముఖం మీద తన కత్తి పెట్టుకోవద్దని వాళ్ల ఉస్తాదు చెప్పాడట. ఎందుకు వద్దన్నాడో ఇద్దరికీ తెలియదు. తెలియకపోయినా జీవితాంతం పాటించారు.

ఒక వారం బాపు ముందు కూర్చుంటే మరుసటి వారం చిచ్చా ముందు. ఈ వంతు విషయంలో ఇద్దరికీ పట్టింపు ఎక్కువ. పండగైనా, జ్వరమొచ్చినా వంతు తప్పేది కాదు.

బాపు దగ్గర ఒక పాత మడత కత్తి ఉండేది. చిచ్చా దాన్ని ఉస్తరా అనేవాడు. ఎయిడ్స్ భయం వచ్చాక గిరాకులు కొత్త బ్లేడు వేస్తేనే కూర్చుంటామన్నారు. అప్పటి నుంచి షాపులో బ్లేడు పెట్టే కత్తులే. పాత కత్తి ఇంటికి వచ్చేసింది, మంగళవారం చిచ్చా ఒక్కడి కోసం. నూరి నూరి దాని అలుగు సగం వెడల్పుకు వచ్చింది. పిడికి రెండు వైపులా నల్లటి కొమ్ము రేకులు. కుడివైపు రేకు మీద బాపు బొటనవేలు ఆనే చోట చిన్న గుంట పడి ఉండేది.

గడ్డం గీయడం అయిపోయాక బాపు ఒక పని చేసేవాడు. చిచ్చా ఎడమ చెవి కింద బియ్యపు గింజంత మేర గీయకుండా వదిలేసేవాడు. చిచ్చా చేత్తో తడుముకుని తిట్టేవాడు.

"యాభై ఏండ్లాయె, నీకింకా పని రాలె సాంబన్నా. గొర్రె బొచ్చు కత్తిరించుకోపో."

"ఆ కొంచెం వచ్చే వారానికి. అంతా గీకేస్తే మళ్లెందుకొస్తవ్ నువ్వు?" అనేవాడు బాపు.

ప్రతి వారం ఇదే తిట్టు, ఇదే జవాబు. మా ఆవిడ లోపల చాయ్ పోస్తూ వాళ్లకంటే ముందే ఆ మాటలు అనేసేది.

ఆ మంగళవారం ముందు కూర్చునే వంతు బాపుది. చిచ్చా గీశాడు. బాపు లేచి, ముఖం కడుక్కుని, తన కత్తి తీసి కిటికీ ఊచకు కట్టిన తోలుపట్టా మీద రుద్దడం మొదలుపెట్టాడు. చిచ్చా కుర్చీలో కూర్చుని మెడకు తువ్వాల చుట్టుకున్నాడు. కత్తి కింద పడిన చప్పుడు విని నేను బయటికి వచ్చాను. బాపు కిటికీ ఊచ పట్టుకుని మెల్లగా కూర్చుంటున్నాడు. ఆటోలో దవాఖానకు తీసుకుపోయాం. దారిలోనే పోయాడు. ముఖం నున్నగా, సబ్బు వాసనతో ఉంది.

కత్తిని మా ఆవిడ తుడిచి బీరువాలో పెట్టింది. బండల మీద పడటంతో ఎడమ రేకు విరిగింది, కుడి రేకు పగిలింది, అలుగు అంచున చిన్న నొక్కు పడింది.

దినాలన్నీ అయ్యాక వచ్చిన మొదటి మంగళవారం చిచ్చా మా గేటు తీసుకుని వచ్చాడు. వరండాలో గోడకు ఆనించి ఉన్న కుర్చీ వేసుకుని, మెడకు తువ్వాల చుట్టుకుని కూర్చున్నాడు. చాయ్ ఇచ్చాను. తాగాడు. గంట తర్వాత ఆయన కోడలు రిజ్వానా వచ్చి ఇంటికి తీసుకుపోయింది.

అప్పటికే చిచ్చాకు మతిమరుపు మొదలైంది. స్నేహితుడు పోయిన సంగతి మరిచిపోయాడనుకున్నాం. మూడో మంగళవారమో నాలుగో మంగళవారమో నేను పక్కన కూర్చుని, "చిచ్చా, బాపు లేడు గదా" అన్నాను.

"తెలుసు బేటా. పాడెకు భుజం పట్టినోణ్ణి, నాకు తెల్వదా?" అన్నాడు. "అయితే నా వంతు ఉండిపోయింది గదా."

"మరి ఎవలు గీస్తరు?"

"ముందుగాల ఉస్తరా బాగు చెయ్యి. తర్వాత సంగతి తర్వాత."

ఆయన ప్రతి మంగళవారం వచ్చి కూర్చుని పోయేవాడు. వేరే ఎవరి చేతా గడ్డం గీయించుకోలేదు. మిషన్ తెస్తే నెట్టేసేవాడు. ఎక్కువ పెరిగినప్పుడు రిజ్వానా కత్తెరతో కత్తిరించేది, అంతవరకు ఊరుకునేవాడు. ఏడాది దాటాక దవడ కింద పుండు లేచింది. వెంట్రుకలు నున్నగా తీస్తేనే మందు పనిచేస్తుందని డాక్టరు చెప్పాడు. బలవంతంగా గీయబోతే తల అటూ ఇటూ కొట్టుకున్నాడట. "అన్నా, ఆ కత్తేందో జల్ది బాగు చేయించన్నా. ఆయన ఇంకెవ్వరి మాట ఇనడు" అని రిజ్వానా ఫోన్లో ఏడ్చింది.

నిజం చెప్పాలంటే, నేను అప్పటిదాకా ఆ బీరువా తెరవలేదు. కత్తి చూడటానికి ధైర్యం చాలలేదు.

అలుగు మీద తుప్పు మచ్చలు వచ్చాయి. సన్నటి గరుకు కాగితానికి మిషన్ నూనె రాసి వారం రోజులు కొంచెం కొంచెంగా తీశాను. రేకుల కోసం నర్సంపేటలో తెలిసిన వడ్రంగి దగ్గరికి వెళ్లాను. ఆయన విరిగిన ఎడమ రేకును కొలత పెట్టుకుని టేకు చెక్కతో కొత్తది చేసి ఇచ్చాడు. కుడి రేకు కూడా మారుస్తానన్నాడు. వద్దన్నాను. పగులుకు జిగురు పట్టించి, రెండు రోజులు దారంతో చుట్టి ఉంచి, నున్నగా రుద్దాను. బొటనవేలి గుంట జోలికి మాత్రం పోలేదు. ఇత్తడి తీగ ముక్కలు కోసి రివిట్లు వేశాను. ఒకవైపు నలుపు, ఒకవైపు చెక్క రంగు. చూడటానికి వింతగా ఉన్నా, మడత చక్కగా పడింది.

తప్పు ఆ తర్వాత చేశాను. అలుగు అంచున నొక్కు పోవాలంటే రాయి మీద చాలా రోజులు నూరాలి. నాకు ఓపిక లేకపోయింది. రిజ్వానా రోజూ ఫోన్ చేస్తోంది. సైకిల్‌కు సాన చక్రం కట్టుకుని కత్తెరలు నూరే అతను మా వీధిలోకి వస్తే, కత్తి అతని చేతికిచ్చాను.

మా వృత్తిలో ఎవరూ కత్తిని చక్రానికి ఇవ్వరు. బాపు ఇది నాకు చిన్నప్పుడే చెప్పాడు. పుస్తకాల్లో ఉక్కు గురించి చదివిన వాణ్ణి, కాలితే పదును చస్తుందని నాకు తెలుసు. తెలిసీ ఇచ్చాను. నిప్పురవ్వలు లేచాయి. అతను తీసి చూపించేసరికి నొక్కు పోయింది. కానీ అంచు పొడుగునా, మొన నుంచి పిడి దాకా, నీలిరంగు గీత పడింది.

"సార్, జర గట్టిగ పట్టినట్టున్న. గిది సన్నగ అరిగిన అలుగు, తట్టుకోలె" అన్నాడు. గోటి మీద ఆనించి చూశాడు. "ఇనుము సచ్చిపోయింది సార్. ఇగ ఎంత నూరినా పదును నిలవది. పైసలొద్దు తీ" అని వెళ్లిపోయాడు.

అతను చెప్పింది నిజమే. నెల రోజులు బాపు రాయి మీద నూరాను. పదును వచ్చినట్టే ఉండేది. తోలు మీద రెండుసార్లు రుద్దగానే అంచు వాలిపోయేది. ఉల్లిపొర కూడా తెగలేదు. ఒకసారి వేడినీళ్లు కొట్టుకుని, సబ్బు నురగ పట్టించి నా చెంప మీదే పెట్టి చూశాను. వెంట్రుకలు పీక్కుపోయి చెంప ఎర్రగా కమిలింది. "మీ బాపు చేతిల ఏండ్లకేండ్లు ఉన్నది, నీ చేతిల నెల రోజులుండలే" అంది మా ఆవిడ. ఎగతాళికే అన్నది.

చివరికి ఒక మోసం ఆలోచించాను. చిచ్చా కళ్లకు పొర వచ్చింది, సరిగా ఆనదు. పాత కత్తిని ఆయన చేతికిచ్చి తడమనిస్తాను. ఆయన వినేటట్టు తోలు మీద పది సార్లు రుద్దుతాను. తర్వాత దాన్ని పక్కన పెట్టి, జేబులోంచి బ్లేడు పెట్టే కత్తి తీసి గీస్తాను. బజారులో ఆ కత్తి, ఒక బ్లేడ్ల పాకెట్ కొన్నాను. గీయడం కూడా అంతంత మాత్రమే వచ్చు. నేను కత్తి పట్టడం బాపుకు ఇష్టం ఉండేది కాదు, "నీకు పెన్ను చాలు" అనేవాడు. అందుకని నా గడ్డం మీదే వారం రోజులు అలవాటు చేసుకున్నాను. ఉస్తాదు చెప్పిన మాట తప్పానని అప్పుడు గుర్తుకు రాలేదు.

ఆ మంగళవారం పదకొండు గంటలకు చిచ్చా వచ్చి కూర్చున్నాడు. రిజ్వానా వేడినీళ్ల మగ్గు పట్టుకుని పక్కన నిలబడింది. మోసం సంగతి ఆమెకు చెప్పాను. బ్లేడు కత్తి నా చొక్కా జేబులో కాగితంలో ఉంది. బ్లేడు ఇంకా ఎక్కించలేదు. చిచ్చా ముందు చేస్తే పాకెట్ చించే చప్పుడు వింటాడేమోనని, నురగ పట్టించాక లోపలికి వెళ్లి ఎక్కించుకుందామనుకున్నాను.

కత్తి చేతికిస్తే చిచ్చా తెరిచి, మూసి, మళ్లీ తెరిచాడు. టేకు రేకు మీద వేలు పెట్టి, "గిదేంది, కట్టె?" అన్నాడు. మరో వైపు తిప్పి బొటనవేలి గుంట తడిమి, "ఆ, గిది ఉన్నది తీ" అన్నాడు. పదును చూస్తాడేమోనని భయపడ్డాను. చూడలేదు.

నురగ పట్టించాను. కత్తి తోలు మీద రుద్దాను. పదిసార్లు లెక్కపెట్టి రుద్దాను. ఆ అంచు రెండు రుద్దులకే వాలిపోతుందని నాకు తెలుసు.

"చిచ్చా, ఒక్క నిమిషం, లోపలికి పోయొస్త" అన్నాను.

"యాడికి? నురగ ఆరిపోతది" అంటూ ఆయన నా మణికట్టు పట్టుకున్నాడు. ఎప్పుడూ వణికే చెయ్యి అది. ఆ పట్టు మాత్రం గట్టిగా ఉంది. నా చేతిని తెచ్చి తన కుడి కణత దగ్గర ఆనించి వదిలాడు. "కానియ్యి."

ఆయన చెంప కూడా నా చెంపలాగే కమిలిపోతుందనుకున్నాను. ఒక్క గీత గీసి, నొప్పికి ఆయన అరిస్తే ఆ గొడవలో లోపలికి పోయి కత్తి మార్చేద్దామనుకున్నాను. కిందికి లాగాను.

తెగింది. చిన్నప్పుడు నిద్రలేచి ఈ వరండాలో విన్న చప్పుడే వచ్చింది, ఎండిన ఆకు మీద వేలుతో గీసినట్టు. నురగ కింద నున్నటి చర్మం కనిపించింది. నేను ఆగి రిజ్వానా వైపు చూశాను. ఆమె నా చొక్కా జేబు వైపు చూసింది. కాగితం అక్కడే ఉంది.

మిగతాదంతా ఆ కత్తితోనే గీశాను. ఎంతసేపు పట్టిందో చెప్పలేను. నా చెయ్యి వేరే ఎవరో నడిపిస్తున్నట్టు ఉందని రాస్తే కథకు బాగుంటుంది, కానీ అలా ఏమీ అనిపించలేదు. నా చెయ్యే. కొత్తవాడి చెయ్యే, భయంతో చెమట పట్టిన చెయ్యే. దవడ కింద పుండు దగ్గర మెల్లగా లాగాను. అక్కడ కూడా వెంట్రుక తెగిందే తప్ప చర్మం గీరుకోలేదు. చిచ్చా కళ్లు మూసుకుని, చర్మం సాగేటట్టు ఎప్పుడు ఏ వైపు బుగ్గ ఉబ్బించాలో ఆ వైపు ఉబ్బిస్తూ కూర్చున్నాడు.

అయిపోయాక తడి గుడ్డతో తుడిచాను. ఆయన రెండు చేతులతో ముఖం తడుముకున్నాడు. తర్వాత ఎడమ చెవి కిందికి వేలు పోనిచ్చి, కింది నుంచి పైకి, పై నుంచి కిందికి రుద్దుకున్నాడు. చాలాసేపు వెతికాడు.

"ఈసారి ఏం మిగిల్చలే" అన్నాడు.

తిట్టలేదు. మెడ చుట్టూ ఉన్న తువ్వాల తీసి, దులిపి, నాలుగు మడతలు పెట్టి రిజ్వానాకిచ్చాడు. "పా బిడ్డా" అన్నాడు. పోతూ పోతూ నా భుజం మీద తట్టాడు. "మంచిగ బాగు చేసినవ్ బేటా."

వాళ్లు గేటు దాటగానే కత్తిని గోటి మీద ఆనించి చూశాను. జారిపోయింది. ఉల్లిపొర మీద పెట్టాను, తెగలేదు. దారం మీద లాగాను, దారం నలిగింది. నీలి గీత అట్లాగే ఉంది. మళ్లీ నురగ పట్టించుకుని నా చెంప మీద పెట్టి చూశాను. మొదటిసారి లాగే పీకింది. ఆ ఎర్రటి మచ్చ మా ఆవిడ చూసింది.

బ్లేడ్ల పాకెట్ కూడా తీసి చూశాను. సీలు కూడా చిరగలేదు. అందులో ఒక్కటీ తగ్గలేదు. రిజ్వానా ఆ సాయంత్రం పుండుకు మందు రాస్తూ ఫోటో తీసి పంపింది. ఎక్కడా గీత లేదు, రక్తపు చుక్క లేదు.

నాకు తోచిన కారణాలన్నీ ఆలోచించాను. ముసలాయన వెంట్రుకలు మెత్తబడి ఉంటాయి. వేడినీళ్లు ఎక్కువసేపు పట్టించి ఉంటాం. ఆ పది రుద్దులకు అంచు ఏదో ఒక వైపు నిలబడి ఉంటుంది. వీటిలో ఏదో ఒకటి కావచ్చు. కానీ చిచ్చా గడ్డం మెత్తనిది కాదు. బాపు దాన్ని తుమ్మ ముళ్లని వెక్కిరించేవాడు. సాన పట్టే అతను మళ్లీ వీధిలోకి వచ్చినప్పుడు ఇదంతా చెప్పాను. కత్తి తిప్పి తిప్పి చూశాడు. "దీంతోని ఎవ్వరికీ గడ్డం గీసుడు కాదు సార్, మీరు వేరేది పట్టుకున్నట్టున్నరు" అన్నాడు. మర్యాద కొద్దీ అంతకంటే ఏమీ అనలేదు.

నాకు అన్నిటికంటే అర్థం కానిది ఆ గింజంత చోటు. నేను నేర్పు ఉన్నవాణ్ణి కాదు. చెవి కింద మూల చాలా కష్టమైన చోటు. అక్కడ నేను వదిలేస్తే ఆశ్చర్యం ఉండేది కాదు, పైగా చిచ్చా సంతోషపడేవాడు. ఒక్క వెంట్రుక కూడా ఎందుకు మిగలలేదో తెలియదు.

తర్వాతి మంగళవారం నేను పది నలభైకే కుర్చీ వేశాను. చాయ్ పెట్టించాను. పన్నెండు దాకా చూసి రిజ్వానాకు ఫోన్ చేశాను. "తువ్వాల ఇస్త అంటే ఎందుకని అడుగుతాండు అన్నా. ఇంట్లనే కూసున్నడు, మంచిగనే ఉన్నడు" అంది. పుండు పది రోజుల్లో మానింది. ఆ తర్వాత పెరిగిన గడ్డాన్ని ఆయన కొడుకు మిషన్ పెట్టి తీస్తే మాట్లాడకుండా తీయించుకున్నాడట.

నేను చూడటానికి వెళ్లేవాణ్ణి. నన్ను కొన్నిసార్లు గుర్తుపట్టేవాడు, కొన్నిసార్లు గుర్తుపట్టేవాడు కాదు. బాపు పేరు ఎత్తేవాడు కాదు. ఎదురుచూపు లేని ముఖం అది. మూడు నెలలకు నిద్రలోనే పోయాడు.

కత్తి ఇప్పుడు నా పుస్తకాల పక్కన ఉంది. దాన్ని వారానికోసారి నూనె గుడ్డతో తుడుస్తాను, అంతే. నూరి చూడాలని అనిపించదు. బాపు షాపు అద్దెకు తీసుకున్నాయన మంగళవారం కూడా తెరుస్తున్నాడు.

మా వరండాలో ఇప్పుడు మంగళవారం ఎవరూ కుర్చీ వేయడం లేదు.